మాంత్రికుడు నవ్వాలి

“చచ్చే వేషం ఎందుకు ఒప్పుకున్నావురా సూర్యం? ఏదన్నా జరిగితే నేనెవర్ని అడగాలి?” అంది అనసూయమ్మ, మేకప్ మనిషి కొడుక్కి గడ్డం అంటిస్తుండగా.

“పరాయి దేశపు చక్రవర్తి కొలువులో తన మంత్రం తనకే తగిలి చచ్చే మాంత్రికుడమ్మా. జనం పడీ పడీ నవ్వుతారు” అన్నాడు సూర్యప్రకాశరావు.

మే నెల ఎండకి ఫిల్మ్‌నగర్‌లోని ఆ రేకుల షూటింగ్ ఫ్లోరు పెనంలా కాలుతోంది. మంత్రం బెడిసికొట్టినప్పుడు మాంత్రికుడి నెత్తిన పడాల్సిన పాకం పొద్దుటే కలిపి పెట్టారు. ఉడికించిన సగ్గుబియ్యం, అరటిపండు గుజ్జు, పుల్లమజ్జిగ, ఆకుపచ్చ రంగు. మధ్యాహ్నానికి అది పొంగి బుడగలు వేసింది. వాలిన ఈగలు అందులోనే ఉండిపోయాయి. చక్రవర్తి వేషగాడికి డైలాగు నోరు తిరగదు. తప్పినప్పుడల్లా ఇంకో బకెట్. ఏడోసారికి సూర్యం ముక్కులోంచి, చెవుల్లోంచి అది కారుతోంటే, అనసూయమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, వీళ్ళు ఇంటికెళ్ళి అన్నం ఎలా తింటారో అనుకుంది. చక్రవర్తి “థూ, కంపు” అని దూరం జరిగాడు.

ఎనిమిదోసారి ఓకే అయింది. మాంత్రికుడు చచ్చాడు. ప్యాకప్ అన్నారు.

అనసూయమ్మ గబుక్కున లేచింది. చచ్చే షాట్ తీశాక అదే మనిషిని కెమెరాలోకి చూసి నవ్వమని ఓ ముక్క తియ్యాలి. లేకపోతే కీడు. ఎంత పెద్ద హీరోకైనా అదే రివాజు. ఆవిడ వెళ్ళి కెమెరాకి అడ్డంగా నిలబడింది.

“నవ్వు షాట్ ఏదండీ?”

“ఫిలిం అయిపోయిందండీ. రేపు తీద్దాం” అన్నాడు అసిస్టెంట్ డైరెక్టరు, పట్టుకున్న ముక్కు వదలకుండానే.

“రేపటిదాకా నా కొడుకు చచ్చినట్టే ఉండాలా? మీ అమ్మయితే ఊరుకుంటుందా?”

కెమెరా దగ్గర పనిచేసే బాలనర్సయ్య కల్పించుకున్నాడు. “జర ఫికర్ చెయ్యకమ్మా. గీ డబ్బాల ఓ ముక్క మిగిలింది. నిమిషం గూడ రాదు. జల్ది నవ్వుమను.”

కెమెరాలో ఫిలిం గిర్రున తిరిగింది.

“నవ్వు నాయనా” అంది అనసూయమ్మ.

సూర్యం కళ్ళు తెరిచాడు గానీ పెదవులు విప్పలేదు.

“నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి పళ్ళు కనపడేలా నవ్వరా.”

ఫిలిం తరిగిపోతున్న చప్పుడు, ఈగల చప్పుడు.

“అమ్మా, ఇప్పుడు నోరు తెరిస్తే వచ్చేది నవ్వు కాదే” అన్నాడు చివరికి, తన మాటకి తనకే నవ్వాగక, పచ్చటి పళ్ళన్నీ కెమెరాకి చూపిస్తూ.