మిలిటరీ అప్పన్న కెమెరా, నంబరు ఇరవై ఏడు

ఒరే గోపీ! ఆ సీసాలో ఏటిరా? లవంగనూనా? నరసింగరావు మావకి పన్నునొప్పి, మూతికి తువ్వాలు సుట్టుకుని తిరుగుతన్నాడని తెస్తన్నావా? ఫోను అద్దమ్మీద బొటనేలు పెట్టీసి ఫొటోలు తీసీవోడివి, నీకింతకన్నా ఏటి కనబడతాదిలే. ఇలా కూకో. మన ఈశ్వర్ గాడి కెమెరా సంగతి ఇను. ఆ నూనె ఎవుడికి గావాలో ఆకర్న నువ్వే సెప్పుదువుగాని.

ఈశ్వర్‌కి విజయనగరంలో పెళ్లిఫొటోల షాపు ఉంది. పనిమంతుడే. కానీ ఈమధ్య ఏ పెళ్లివారు వచ్చినా కుర్చీలో కూర్చోకముందే ఒకటే మాట: "డ్రోన్ ఉందా?" లేదనగానే టీ సగంలో వదిలేసి లేచిపోతారు. మాఘమాసం ముహూర్తాలు నెత్తిమీదికి వచ్చాయి. ఒక్క బుకింగూ లేదు. డ్రోన్ కొనకపోతే షట్టర్ దించేసుకోవడమే.

అప్పుడు గుర్తొచ్చింది, ట్రంకుపెట్టె అడుగున తోలుసంచిలో పడి ఉన్న తాత కెమెరా. నల్లటి మడత కెమెరా. మూత తెరిస్తే హార్మోనియంలా ముందుకు సాగుతుంది. వెనకరేకు మీద చుక్కలు చుక్కలుగా, ఇంగ్లీషు అక్షరాల్లో 'మిలిటరీ' అని ఉంది. దాని కింద 27.

తాతని ఈశ్వర్ చూడలేదు. తండ్రి కూడా తన చిన్నప్పుడే పోయాడు. తాత పేరు మాత్రం అందరి నోటా మిలిటరీ అప్పన్నే. శ్రీకాకుళంలో ఉండే మేనమామ నరసింగరావు, ఈశ్వర్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పేవాడు: "మీ తాత బర్మా అడవుల్లోన శత్రువులకే ఫొటో తీసినాడ్రా. 'కదలకండి' అనీసరికి తుపాకులు దించీసి, జుట్టు దువ్వుకుని నిలబడిపోనారు!" నరసింగరావు 'ఎండగా ఉన్నాది' అంటే జనం బయటికొచ్చి చూసుకుని గాని నమ్మరు. అయినా ఈశ్వర్ ఈ ఒక్క మాటా నమ్మాడు. నమ్మడానికి బాగుంది మరి.

కెమెరా అమ్ముతానని ఫొటో ఫోన్లో పెట్టగానే హైదరాబాదు నుంచి ఒకాయన మాట్లాడాడు. యుద్ధకాలం సామాన్లు కొనేవాడట. "పటాలంలో వాడిన కెమెరాయే అయితే నీ డ్రోన్ వచ్చినట్టే. కానీ రుజువు కావాలి. అక్షరాలు ఎవడైనా కొట్టుకోవచ్చు. బజారు నిండా నకిలీలే."

రుజువు కోసం ఈశ్వర్ తిరగని గడప లేదు. మాజీ సైనికుల ఆఫీసులో గుమాస్తా తల కూడా ఎత్తలేదు.

"పేరు?"

"మిలిటరీ అప్పన్నండి."

"సింహాద్రి అప్పన్న దయవల్ల ఈ జిల్లాలో ఇంటికొక అప్పన్న ఉన్నాడు బాబూ. ఇంటిపేరు, నంబరు, పటాలం చెప్పు."

"నంబరు ఇరవై ఏడండి."

"అది మా బస్సు నంబరు కూడా," అన్నాడు గుమాస్తా.

శ్రీకాకుళంలో పాత కెమెరాలు బాగుచేసే పృథ్వీరాజ్ భూతద్దం పెట్టి చూశాడు. లెన్సు అసలుదే, నల్లరంగు అసలుదే, మరలు కూడా ఎవరూ విప్పలేదు. "అక్షరాలే అనుమానం. పటాలంవాళ్లు ఇంత వంకరగా కొడతారా?"

"యుద్ధం కదండీ, చెయ్యి వణికి ఉంటుంది," అన్నాడు ఈశ్వర్. ఆ మాట అతనికే నచ్చలేదు.

అక్కణ్ణుంచి నేరుగా మేనమామ ఇంటికి వెళ్లాడు. "మావా, నీ కాళ్లు మొక్కుతాను, ఎటకారం ఒగ్గీసి నిజం సెప్పు. తాతది ఏ పటాలం?"

"రాసుంది గదరా, ఇరవై ఏడో పటాలం!"

"నా బతుకు బజార్న పడతంటే నీకు నవ్వొస్తందా?"

నరసింగరావు మీసం దువ్వాడు. కోడిపుంజు తోకలాంటి మీసం అది. "అల్లుడా, పందెం. మిలిటరీ అన్న పేరు సూసి ఎవుడైనా ఆ డబ్బా కొన్నాడా, నా మీసం సగం గొరిగించుకుంటాను. నీ డ్రోన్ ఎగిరిన మొదటి పెళ్లి దాక అలగే తిరుగుతాను!"

ఈశ్వర్ పళ్లు కొరుక్కుంటూ కొత్తవలస రైలెక్కాడు. అక్కడ మేనత్త నారాయణమ్మ ఉంది. తాతకి మిగిలిన ఒక్క కూతురు.

"అత్తా, తాత మిలిటరీలో ఎన్నాళ్లు సేసినాడు?"

"బతికినన్నాళ్లూ మిలిటరీయే గదరా."

ఈశ్వర్ ముందుకు జరిగాడు. "ఎక్కడ?"

"ఇక్కడే. టేసను ఎదురుగా."

"ఇక్కడ పటాలం ఏటత్తా? ఏటి సేసీవోడు?"

"తెల్లారకముందే లెగిసి కోళ్లు కోసీవోడు."

"కోళ్లా? మరి యుద్ధం?"

"యుద్ధమే మరి! రైలాగితే సాలు, ముందు నాకంటే ముందు నాకని జనం మీద పడిపోయీవోరు. పులుసు కాళ్లమీద ఒలికిపోయీది."

ఆవిడ లోపలికి వెళ్లి ఒక ఇత్తడి గరిటె తెచ్చింది. దానిమీద అవే చుక్కలు. మిలిటరీ. కింద 26.

"మిలిటరీ హోటల్రా మనది. మాంసం కూరలకి ఈ లైన్లో పేరు మోసింది. గిన్నెలు పోతన్నాయని, పేరూ వరస నంబరూ కొట్టమని పేర్లు కొట్టీవోణ్ణి పిలిపించి అలమార్లో ఉన్నవన్నీ ఇచ్చీసినాడు. భోయినానికి వచ్చినోడెవడో ఆ కెమెరా మర్సిపోయి రైలెక్కిపోతే, అదీ ఆ అలమార్లోనే ఉండీది. గరిటె అయిపోగానే దానిమీద కూడా కొట్టీసినాడు."

"మావకిది తెలుసా?"

"తెలకేటి? కుర్రోడప్పుడు రోజూ మా దగ్గరే మెక్కీవోడు!"

గరిటె తరవాతి గిన్నె! హైదరాబాదాయనకి ఈశ్వర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన మాట పూర్తికాకుండానే ఫోను పెట్టేశాడు. అత్త జ్ఞాపకంగా ఇచ్చిన గరిటెనీ, కెమెరానీ షాపు బల్లకింద పడేసి, ఈశ్వర్ రెండు రోజులు షట్టర్ ఎత్తలేదు.

సంగతి తెలిసి నరసింగరావుకి నవ్వు ఆగలేదు. విజయనగరం బైపాస్ మీద రాజకుమారి అనే ఆవిడ కొత్తగా మిలిటరీ హోటల్ తెరుస్తోంది. ఆవిడతో చెప్పాడు: "మా అల్లుడి దగ్గర అసలైన మిలిటరీ కెమెరా ఉన్నాదమ్మా. ఎల్లి సూడు. నేను పంపినానని సెప్పు!" ఈశ్వర్ ఉడుక్కుంటాడు, మళ్లీ నవ్వుకోవచ్చని.

ఈశ్వర్ ఉడుక్కున్నాడు కూడా. "మావ పంపాడా? మీరూ నవ్వుకోడానికే వచ్చారా?"

రాజకుమారి నవ్వలేదు. అక్షరాల మీద వేలు పెట్టింది. "కొత్తవలస అప్పన్న మిలిటరీదా ఇది? మా నాయన సెప్పి సెప్పి సచ్చిపోనాడు ఆ కూర గురించి! నా హోటల్ గల్లాపెట్టి మీద అద్దాల పెట్టిలో పెడతాను. కానీ ఆ హోటల్‌దే అని రుజువేటి?"

మళ్లీ రుజువు! ఈశ్వర్ విసురుగా వంగి, గరిటె తీసి బల్లమీద కొట్టినట్టు పెట్టాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూసిందావిడ. రెండింటిమీదా చివరి అక్షరానికి తోక ఒకేలా పక్కకి తిరిగిపోయి ఉంది. నంబర్లు వరసగా ఉన్నాయి.

అడిగినంత డబ్బిచ్చి, గరిటెతో సహా పట్టుకుపోయింది. వారం తిరక్కుండా ఈశ్వర్ షాపులో డ్రోన్ దిగింది. మర్నాడే పెళ్లివారొచ్చి అడిగారు: "డ్రోన్ ఉందా?" ఆ రోజు టీ గ్లాసులు ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవలేదు.

ఏటిరా గోపీ, నోరు తెరిసీసినావు? కొన్నావిడ్ని పంపినోడెవుడు? మీ మావే. పేరు సూసి కొంటే అన్నవోడెవుడు? మీ మావే. ఆ తువ్వాలు కింద పన్నుకేటీ నేదురా, మూతి మీద మీసం పంట సగం కోతైపోనాది. ఆ నూనె తిరిగిచ్చీసి, మిగతా సగానికి బ్లేడు కొనుక్కెల్లు. డ్రోన్ ఎగిరీ మొదటి పెళ్లి రేపే!