ఆరా? తొమ్మిదా?

నేను ఒక పుల్లను. పుల్ల ఐసు తిన్నాక చీకి చీకి పారేస్తారే, ఆ పుల్లను. నవ్వాలనిపిస్తే నవ్వేయండి, నాకేం కొత్త కాదు. కాకపోతే ఒక్క మాట, ఐసు మొహం నేను ఎరగను. నన్ను ఏ చెట్టు నుంచి చెక్కారో తెలియదు, చెక్కిన మిషను ఎక్కడుందో తెలియదు. నాకు ఊహ తెలిసేసరికి తోటి పుల్లలతో కలిసి రబ్బరు బ్యాండులో బిగిసి ఉన్నాను. ఇవాళో రేపో తీపిలో మునుగుతాం అని అందరం ఆశగా ఉంటే, ఓబులేసు సారు వచ్చి ఆ కట్టను కట్టలాగే ఎత్తుకుపోయాడు.

ఓబులేసు సారు అనంతపురం వైపు ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఏటా ఆ చుట్టుపక్కల బడిపిల్లలకు జరిగే క్రాస్ కంట్రీ పందెం ఆయన చేతుల మీదుగానే నడుస్తుంది. అది ట్రాకు మీద గుండ్రంగా తిరిగే పరుగు కాదు. శెనక్కాయ చేల గట్ల వెంబడి పోయి, ఎండిన వంకలోకి దిగి, ఎక్కి, గుట్టను చుట్టి నాలుగు కిలోమీటర్ల తరవాత మళ్లీ బడి మైదానానికి రావాలి. చివర్లో పిల్లలు గుంపుగా వచ్చి మీద పడతారు. ఆ దుమ్ములో ఎవరు ముందో ఎవరు వెనకో దేవుడికి కూడా తెలియదు. అందుకని సారు రెండు తాళ్లు కట్టి నడుమ సందు చేస్తాడు. సందులోకి వచ్చిన వరసలో ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పుల్ల పెడతాడు. పుల్ల మీద అంకె ఉంటుంది. దాన్ని బల్ల దగ్గర ఇస్తే పేరు రాసుకుంటారు. మొదటి ఆరుగురు రాష్ట్ర పోటీలకు పోతారు, మిగిలినవాళ్లు పులిహోర పొట్లం తిని ఇంటికి పోతారు.

నా మీద రాసింది తొమ్మిది. మార్కరు పెన్నుతో, కింద ఒక గీత పెట్టి మరీ రాశాడు మహానుభావుడు. గీత లేకపోతే నన్ను తలకిందులు చేసినవాడికి ఆరులా కనిపిస్తాను కదా. ఆరో పుల్లకూ అలాగే గీత పెట్టాడు.

ఎనిమిదేళ్లు చేశానండీ ఈ ఉద్యోగం. ఎనిమిది మంది తొమ్మిదోవాళ్లను చూశాను, ఆడపిల్లల పందేనికీ మగపిల్లల పందేనికీ నేనే కాబట్టి పదహారు మంది అనుకోండి. ఒకటో పుల్ల పట్టుకున్నవాణ్ని భుజాల మీద ఎత్తుకుంటారు. రెండు, మూడు పుల్లల దగ్గర ఏడుపులు ఉంటాయి. తొమ్మిదో పుల్లవాడి దగ్గరికి ఎవరూ రారు. వాడి నీళ్లసీసా వాడే వెతుక్కోవాలి. ఒకడు నాతో వీపు గోక్కున్నాడు. ఒకమ్మాయి నన్ను పళ్ల మధ్య పెట్టి కొరికింది, ఆ గాటు ఇప్పటికీ ఉంది. ఇంకొకడు విసిరి పారేస్తే సారు వాడిచేతే ముళ్లకంపలో వెతికించాడు. చెమట చేతులు, నూనె చేతులు, పులిహోర చేతులు. నాలుగేళ్లకే నా గీత అరిగిపోయింది. ఆరో పుల్ల గీతా పోయింది. సారు గమనించలేదు. ఆయనకు మాత్రం తీరిక ఎక్కడిది?

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ ఏడు ఆడపిల్లల పందెంలో విజేత అనే అమ్మాయి నన్ను అందుకుంది. అవును, పేరే విజేత! కన్నవాళ్లు ఇద్దరూ పరుగుల మనుషులు. తల్లి సుచరిత దేశం తరఫున అయిదు వేల మీటర్లు పరిగెత్తింది. తండ్రి పురుషోత్తం ఎనిమిది వందల మీటర్లలో జాతీయ ఛాంపియను. ఇద్దరివీ గుంతకల్లులో రైల్వే ఉద్యోగాలు. వాళ్లకు పుట్టిన బిడ్డకు ఇంకే పేరు పెడతారు పాపం. పుట్టీ పుట్టగానే మెడలో బరువు వేసి పొమ్మన్నారు.

అంతకు ముందు ఏడు ఆ అమ్మాయి ఇరవై మూడోది. ఆ సంగతి మా డబ్బాలోని ఇరవై మూడో పుల్ల నాకు చెప్పింది. ఆ రోజు ఒకాయన "బిడ్డకు జ్వరం వచ్చినట్టుంది" అన్నాడట. ఇంకొకరు బూట్లు బిగుతయ్యాయన్నారట. ఎవరూ "నువ్వు ఇరవై మూడో దానివి" అనలేదట. ఆ పిల్ల మాత్రం ఏడాదంతా వేకువనే లేచి, ఎవరికీ చెప్పకుండా, గుంతకల్లు రోడ్ల మీద పరిగెత్తింది.

ఈసారి సందులోకి వచ్చి నన్ను అందుకోగానే పిడికిట్లో బిగించింది. ఊపిరి అందడం లేదు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగింది. "తొమ్మిది" అంది నాకు మాత్రమే వినబడేలా. "తొమ్మిది నాది." ఎనిమిదేళ్లలో నన్ను చూసి సంతోషించిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఏం చెప్పమంటారు, నా పాత కట్టె ఒళ్లు కూడా పులకరించింది.

బల్ల దగ్గర సెలెక్షన్ కమిటీ పెద్ద తిప్పేస్వామి కూర్చున్నాడు. ఒకప్పుడు సుచరితమ్మ పందేలు రేడియోలో విని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి. విజేతను చూడగానే కుర్చీలోంచి లేచాడు. నన్ను అందుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, తనకు నచ్చిన వైపు ఆపాడు.

"ఆరు! నాకు తెల్సు. ఆ రక్తం యాడికి పోతాది?"

"కాదు సార్, తొమ్మిది" అంది విజేత. ఆయన అప్పటికే పేరు రాసేసి, పురుషోత్తాన్ని కేకేసి పిలుస్తున్నాడు. కంగారులో నన్ను మళ్లీ ఆ పిల్ల చేతిలోనే పెట్టాడు.

అప్పుడు వచ్చింది గంగరత్న. బక్కపలుచని పిల్ల, కాళ్లకు బూట్లు లేవు. పందెం ముగించగానే తాడు పక్కన కూర్చుని వాంతి చేసుకోవడంతో బల్ల దగ్గరికి రావడం ఆలస్యమైంది. తన పుల్ల ఇచ్చింది. తిప్పేస్వామి దాన్ని చూసి, రాసిన కాగితం చూసి, పుల్లను తలకిందులు చేశాడు.

"తొమ్మిది. పోయి పులిహోర తిను పాపా."

"ఆరు సార్ నాది. నా ముందర ఐదు మందే పోయినారు."

"ఆరు అయిపోయిందిలేమ్మా."

గంగరత్న కదల్లేదు. మొహం నల్లబడింది. అప్పుడు విజేత ముందుకు వచ్చింది. "సార్, గంగరత్న నాకన్నా ముందు పోయింది. ఆరు ఆయమ్మిది. నాది తొమ్మిది సార్, నేను చెప్తానే ఉండా కదా!"

ఓబులేసు సారును పిలిచారు. ఆయన తల గోక్కున్నాడు. "నేను చేతులు చూసి పుల్లలు ఇచ్చినానప్పా, మొహాలు చూడల్యా. ఏడో పాపను, ఎనిమిదో పాపను అడుగుదాం" అన్నాడు. సక్రమమైన మాట ఆ రోజు అదొక్కటే. కానీ తిప్పేస్వామి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అడిగేదేముంది ఓబులేసూ? చూస్తాండావా? ఛాంపియన్ బిడ్డంటే ఇది! తన సీటు పేద పిల్లకు ఇడిసిపెట్టింది. ఇంత త్యాగం నేను యాడా చూళ్ల్యా!"

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. చూశారా మనుషుల సంగతి! పిల్ల నిజం చెప్తే అబద్ధమని కూడా అనలేదు. దానికి దండ వేసి ఊరేగించారు. ఆరో చోటు గంగరత్నకే రాశారు, అది నిజమే. కానీ ఎలా రాశారు? దానం చేసినట్టు రాశారు. "పాపా, విజేతకు దండం పెట్టు. ఆ తల్లి వదులుకుంటే నీకొచ్చింది" అన్నాడాయన.

"నాది నేనే పరిగెత్తి తెచ్చుకున్నా సార్" అంది గంగరత్న.

"పొగరు చూడు" అన్నారెవరో వెనక నుంచి.

పురుషోత్తం వచ్చి కూతురి భుజం తట్టాడు. పోయిన ఏడు జీపులో గుంతకల్లు దాకా ఒక్క మాట మాట్లాడని మనిషి ఇప్పుడు ఫోను తీసి ఎవరెవరికో చెబుతున్నాడు: "అవునన్నా, తనే వదిలేసింది, మాతో చెప్పను కూడా చెప్పల్యా." మొహం వెలిగిపోతోంది. విజేత పిడికిట్లో నేను విరిగిపోతానేమో అనుకున్నాను. ఏడాది కష్టపడి తెచ్చుకున్న తొమ్మిది ఆ పిల్లది. దాన్ని నలుగురూ కలిసి ఆరు చేసి, ఆ ఆరును మళ్లీ త్యాగం చేసి, చివరికి ఆ పిల్ల చేతిలో ఏమీ మిగల్చలేదు. ఆ పిల్ల గెలవలేదు సరే, ఓడిపోనివ్వరా? నాకే ఏడుపొచ్చింది, కట్టెను కాబట్టి బతికిపోయాను.

బహుమతులు ఇవ్వడానికి సుచరితమ్మ స్టేజీ మెట్ల దగ్గర నిలబడి ఉంది. విజేత పరుగున పోయి చెయ్యి పట్టుకుంది.

"మా, నువ్వన్నా నమ్ము. నేను తొమ్మిదే."

సుచరితమ్మ కూతురి వైపు తిరిగింది. ఆమె మొహంలో అలసట నాకు బాగా కనిపించింది. ఇరవై ఏళ్లుగా పొగడ్తలు మోసి మోసి అలిసిన మొహం అది. కూతుర్ని ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ పాప నిన్ను యాడ దాటింది?"

"వంకలో దిగేటప్పుడు. నేను ఎంటబడినా. ఎక్కేటప్పుడు ఇంకో ఇద్దరు దాటిపోయినారు. గుట్ట దగ్గర చూస్తే వాళ్ల వీపులు కనపడతాండాయి, కాళ్లు రాల్యా మా."

"ఊఁ" అంది సుచరితమ్మ. పరిగెత్తినవాళ్లకు ఆ మాత్రం చాలు కాబోలు.

స్టేజీ మీద తిప్పేస్వామి మైకులో త్యాగం గురించి పది నిమిషాలు మాట్లాడాడు. ఆ తరవాత సుచరితమ్మను రెండు మాటలు చెప్పమన్నాడు. ఆమె మైకు ముందుకు వచ్చింది.

"నా బిడ్డ ఏ త్యాగమూ చేయలేదు. ఓడిపోయింది. తొమ్మిదో స్థానంలో వచ్చింది. వంక దగ్గర గంగరత్న దాటేసింది, ఆ తరవాత ఇంకో ఇద్దరు దాటేశారు. ఆరో చోటు గంగరత్నకు ఎవరూ ఇచ్చింది కాదు. సార్, మీరు ఆ పాపను దండం పెట్టమన్నారంట. ఆ మాట వెనక్కి తీసుకోండి."

తిప్పేస్వామి జేబురుమాలు వెతుక్కున్నాడు. పురుషోత్తం ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపటికి తిప్పేస్వామి మైకు దగ్గరికి వచ్చి "తప్పయిపోయింది పాపా" అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో పేరు చెప్పకుండా. ఆ మాత్రం అనడానికే ఆయనకు చెమటలు పట్టాయి.

గంగరత్న మెడల్ మెడలో వేసుకుని తిన్నగా విజేత దగ్గరికి వచ్చింది. దెబ్బలాటకు వస్తోందనే అనుకున్నాను.

"వంకలో దిగేటప్పుడు మడమలు నొక్కి ఆగాగి దిగుతావు నువ్వు. అందుకే దొరికిపోయినావు."

"కాలు జారుతాదని భయమే."

"జారితే జారనీ, ఇసకే కదా! వచ్చే ఏడు కూడా అట్లే దిగితే మళ్లా దాటేస్తా, చెప్తాండా."

విజేత నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది కూడా. ఆ పిల్లతో తోటి పందెగత్తెతో మాట్లాడినట్టు మాట్లాడిన మొదటి మనిషి గంగరత్నే.

ఆ గొడవలో నన్ను తిరిగి తీసుకోవడం ఓబులేసు సారు మరిచిపోయాడు. సాయంత్రం జీపు గుంతకల్లు దారి పట్టింది. పురుషోత్తం ముందు సీట్లో కూర్చుని చాలాసేపు రోడ్డు వైపే చూశాడు. అతని మనసులో ఏముందో నాకేం తెలుసు, పుల్లను. ఉరవకొండ దాటాక, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"తొమ్మిదా?"

"తొమ్మిదే నాన్నా."

"బాగా నొప్పులుండాయా కాళ్లు?"

"చానా."

విజేత తల్లి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయింది, నోరు తెరుచుకుని, చిన్నపిల్లలాగా. నిద్రలో పిడికిలి వదులైంది. నేను జారి జీపులో కింద పడ్డాను. ఇప్పుడు సీటు కింద శెనక్కాయ పొట్టు మధ్య ఉన్నాను. నన్నెవరూ వెతకలేదు, వెతకాల్సిన పని కూడా లేదు.