ముగ్గుపిండిలో గీత

శుక్రవారం పొద్దున మా బిడ్డ స్రవంతిని బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ఉమామహేశ్వరం గుట్టకు పోయొస్తానని మా ఆయన అన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. స్రవంతికి మూడేళ్లు. కొత్త బండి మీద మొదట ఆడపిల్లను ఎక్కించాలని, ఇంటి లక్ష్మి ఎక్కితే బండి నిలబడుతుందని మా అత్త హనుమమ్మ మాట. ఆ బండి కొత్తది కాదని మాత్రం ఎవరూ అనరు.

మా ఆయన ఐలేశం అచ్చంపేటలో బోరు మోటార్లు బాగు చేస్తాడు. మూడు నెలల కింద ఎవరి బావి దగ్గరో తుప్పు పట్టి పడి ఉన్న రాజ్‌దూత్ మోటారు సైకిలును ఎడ్లబండి మీద వేసుకుని తెచ్చాడు. దానికి కారణం ఒక మిర్చిబజ్జీల పొట్లం. పొట్లం విప్పితే లోపల ఇంగ్లీషు పుస్తకం కాగితం, దాని మీద ఒక మోటారు సైకిలు బొమ్మ. ముందు మడ్గార్డు లేదు, వెనుకది సగమే ఉంది, ఒక్క మనిషి కూర్చునే సీటు, అది కూడా కిందికి కుంగి ఉంది. కింద అక్షరాలు బడి సారు చదివి ఇట్లాంటి బండిని బాబర్ అంటారని చెప్పాడట. ఆ నూనె కాగితాన్ని మా ఆయన దేవుడి పటం పక్కన అంటించాడు.

అప్పటి నుంచి ఇంటి ముందు రంపం చప్పుడే. వెనుక సీటు పీకిన రోజు నేను అడిగాను.

"మరి నేనేడ కూసోవాలె?"

"నీకు బస్సున్నది గద. కిటికి పక్కకు కూసుండి గాలి తినుకుంట రా."

సీటు కిందికి దిగాలని ట్యాంకు వెనుక పైపును కోసేశాడు. మా ఇంట్లో బోరు పైపు ముక్కలకు కొదువ లేదు. ఒకటి వంచి అక్కడ పెట్టి, వెల్డింగు మిషను అడిగి తెచ్చి అతికించాడు. నల్లరంగు కొట్టాక అతుకు ఎక్కడుందో కనపడలేదు. నాకు మాత్రం తెలుసు. ఆ అతుకు మీద సీటు, సీటు మీద ఆయన, ఆయన ముందు నా బిడ్డ. గుట్ట దిగేటప్పుడు బ్రేకు తొక్కితే బరువంతా వచ్చి పడేది అక్కడే.

కానీ నా మాట ఎవరు వింటారు? నేను భయస్తురాలినని మా వాడకట్టు అంతా ఎరుక. బిడ్డ గింజ మింగిందని ఒకసారి, ఒళ్లు కాలుతోందని ఒకసారి, నిద్రలో ఊపిరి ఆగిందని ఒకసారి దవాఖానకు ఉరికాను. మూడుసార్లూ ఏమీ లేదు. మూడోసారి కాంపౌండరు నవ్వి, "ఈమెకు ఈడనే ఒక మంచమెయ్యుండ్రి" అన్నాడు.

శుక్రవారం తెల్లవారగానే, పూజకు ముందు బండి జిడ్డంతా కిరోసిన్ గుడ్డతో తుడవమన్నాడు ఆయన. తుడిచాను. పొడి గుడ్డతో మళ్లీ తుడిచాను. అత్త వచ్చి చక్రాల చుట్టూ ముగ్గు వేసింది. చెయ్యి విదిలిస్తే కాస్త పిండి ఆ పైపు మీద పడింది. దులుపుదామని వంగాను. తెల్లటి పిండిలో సన్నటి తడి గీత ఉంది. వెంట్రుకంత. సరిగ్గా అతుకు దగ్గర.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మా నాయిన ఆత్మకూరులో పంపు స్టవ్వులు, పెట్రోమాక్సు లైట్లు బాగు చేసేవాడు. ఏడో తరగతిలో నా బడి మానిపించాక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పగులు కంటికి కనపడకపోతే అక్కడ కిరోసిన్ పూసి, శుభ్రంగా తుడిచి, ముగ్గుపిండి చల్లేవాళ్లం. పగులు లేకపోతే పిండి తెల్లగానే ఉంటుంది. ఉంటే, దాంట్లోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి వచ్చి గీత గీస్తుంది. రెండేళ్లు నేను చేసిన పని అదే.

అయినా నన్ను నేను నమ్మలేదు. పిండి దులిపి గుమ్మం వైపు చూశాను. ఆయన స్రవంతిని ఎత్తుకుని వస్తున్నాడు. వెనుక నూరుద్దీన్ చాచా, బస్టాండు దగ్గర మోటారు సైకిళ్లు బాగు చేసే ముసలాయన. మా ఆయనకు పానాలు పట్టడం నేర్పింది ఈ చాచానే. బండి రోడ్డెక్కేది చూడమని మా ఆయనే పిలిచాడు.

"బిడ్డను ఎక్కియ్యకు. పైపు పగిలింది" అన్నాను.

"ఏడ?"

చూపించాను. మా ఆయన లుంగీ అంచుతో తుడిచాడు. నల్లరంగు మెరిసింది.

"ఏమున్నదే గీడ? రంగు మీద గీసుకపోయినట్లుంది. రెండు రోజులు చెల్కల్ల, పొలం గట్ల మీద తిప్పిన, ఏమన్నయిందా?"

"గా తిప్పుడుకే పగిలిందేమో."

"మొదలువెట్టింది" అంది అత్త. "కొబ్బరికాయ కొట్టే యాల్లకు పగిలింది గిగిలింది అంటరా? నోట్ల మంచి మాటే రాదు."

ఆయన స్రవంతిని ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. దాని కొత్త గౌను అంచు ఆ అతుకు మీద పరుచుకుంది. రెండు చేతులతో హ్యాండిలు అందుకోబోయి అందక నవ్వింది.

నేను వెళ్లి దాన్ని ఎత్తుకున్నాను. నాలుగేళ్ల కాపురంలో ఆయన చేతుల్లోంచి ఏదీ గుంజుకోలేదు నేను.

"మంజులా, పిల్లనియ్యి."

"ఇస్త. మా నాయిన చేసినట్లు ఒక్కసారి చేస్త. గీత రాకుంటే నేనే ఎక్కిస్త. మల్ల నోరు తెరవ."

ఆయన చాచా వైపు చూసి నవ్వాడు. "చూసినవా చాచా, ఇంట్ల ఇంజనీరున్నది."

చాచా నవ్వలేదు. "చెయ్యనియ్యి బేటా. గుట్ట ఏడికీ పోదు."

"నూరు లెక్కవెడ్త. నూరయితే పిల్లనియ్యాలె" అన్నాడు మా ఆయన.

బిడ్డను చంకనే పెట్టుకుని పైపు మీద కిరోసిన్ పూసి కాసేపు ఆగాను. పూర్తిగా తుడిచాను, పొడి గుడ్డతో, మళ్లీ నా కొంగుతో. చిటికెడు పిండి తీసుకుని రాల్చాను. పిండి సమంగానే పడింది. చేతులకు గుర్తుంది.

"ఒకటి, రెండు, మూడు..."

పక్కింటి ఎల్లయ్య వేపపుల్ల నములుతూ వచ్చి నిలబడ్డాడు. ముప్పై అయింది. పిండి తెల్లగా ఉంది. స్రవంతి నా చంకలోంచే ఆయన వైపు చేతులు చాపి, "నాయినా, పోదామా" అంది. నలభై. తెల్లగానే ఉంది. అత్త కొబ్బరికాయ చేతిలోకి తీసుకుంది. ఆయన గొంతు హుషారయింది. యాభై, యాభై ఒకటి.

పొద్దున చూసింది నా భయమేనేమో. మూడు నెలలు ఆయన తిండి మరిచి చేసిన బండి. చేతుల నిండా కాలిన మచ్చలు. గీత రావద్దనే అనుకున్నాను ఒక క్షణం. వెంటనే బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అది "అమ్మా, నొస్తాంది" అంది.

అరవై నాలుగు దగ్గర పిండిలో చీమ కన్నంత చుక్క కనిపించింది.

ఆయనా చూశాడు. లెక్క ఆపలేదు. చుక్క పక్కన ఇంకో చుక్క వచ్చింది. రెండూ కలిశాయి. డెబ్బై. గీత పైపు చుట్టూ పాకుతోంది, పక్కకు, కిందికి. ఎనభై అనేసరికి ఆయన గొంతు నాకు మాత్రమే వినపడేంతయింది. తొంభై ఒకటి దగ్గర ఆగిపోయాడు.

గీత పైపును సగం చుట్టింది.

ఎల్లయ్య వేపపుల్ల ఉమ్మేశాడు. చాచా మోకాళ్ల మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"బోరు పైపేనా ఇది?"

"అవు చాచా."

"దానికి తుప్పు పట్టకుంట జస్తం పూత ఉంటది గద. గీకినవా?"

"గీకలే. జర తొందరల కొట్టిన."

"పూత గీకకుండ అతికిస్తే పైకి పట్టినట్లే ఉంటది. లోపలంత జల్లెడ."

"మరి కొబ్బరికాయ?" అంది అత్త, ఎవరినీ చూడకుండా.

"తొక్కు నూరు హనుమమ్మా. నేను గూడ తింట" అన్నాడు చాచా.

ఎవరూ నవ్వలేదు. మా ఆయన ఇంట్లోకి పోయి రంపం తెచ్చాడు. బట్టలు కూడా మార్చుకోలేదు, పూజకు వేసుకున్న తెల్ల చొక్కాతోనే కూర్చున్నాడు. రంపం సగానికి దిగకముందే పైపు టక్కుమని విడిపోయింది. తెగిన చోట, చెంచులు అంగడికి తెచ్చే తేనెపట్టులాగా అన్నీ చిల్లులే. ఆయన ఆ ముక్కను వేలితో తడిమాడు. తర్వాత నా చంకలోని బిడ్డ కాలును పట్టుకున్నాడు. పట్టుకుని అట్లాగే ఉన్నాడు.

కొత్త పైపును చాచా షెడ్డులోనే అతికించారు. సరైన పైపు దొరికి పని అయ్యేసరికి నెల పట్టింది. వారం రోజులు మా ఆయనొక్కడే పదర దాకా, మన్ననూరు దాకా తిప్పుకుని వచ్చాడు. ఎనిమిదో రోజు బండిని గుమ్మం ముందు ఆపి, స్టాండు వేసి, ఇంట్లోకి వచ్చాడు. స్రవంతి ఉరికొచ్చి కాళ్లను చుట్టుకుంది. ఎత్తుకోలేదు. గూట్లోంచి ముగ్గుపిండి డబ్బా, కిరోసిన్ సీసా తీసి నా ముందు పెట్టాడు.

"చూడు" అన్నాడు.

పూసి, తుడిచి, చల్లాను. ఈసారి ఆయన లెక్కపెట్టలేదు. నేనే లోపల లెక్కపెట్టాను. నూరయింది. పిండి తెల్లగానే ఉంది. బిడ్డ నా కొంగు పట్టి గుంజుతోంది. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని నా మొహం చూస్తున్నాడు.

ఇంకో నూరు లెక్కపెట్టాను.