రేపు అంటే ఏ రోజు?

కాగితమూ ఫోనూ కలిపి వాడితే ఇంటి పని సగమైపోతుందని కనిపెట్టినవాడు ఆమె మొగుడు. అయింది మరి, ఆయనకి. చీటీ రాసి ఫ్రిజ్‌కి అతికించి చేతులు దులుపుకుంటాడు. ఆ చీటీలన్నీ చదివి, ఫోన్లోకి ఎక్కించి, అలారాలు పెట్టి, అవి మోగినప్పుడల్లా లేచి పరుగెత్తేది మాత్రం ఆమె. గ్యాసు బుకింగు, పాప టీకాలు, ఆయన కళ్ళజోడు, ఆఖరికి ఆయనగారి చెల్లెలి పుట్టినరోజు కూడా. పైగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "ఇదీ మా ఇంటి సిస్టమ్" అని చూపించి మురిసిపోతాడు. ఒళ్ళు మండదూ?

ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీయే. పగటి డ్యూటీ ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయిందని తెలిసిన రోజు కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇది గనక వచ్చిందంటే రాత్రిళ్ళు నీ పక్కనే పడుకుంటానే" అంది. ఆ పిచ్చిపిల్ల అప్పుడే వెళ్ళి దిండు పక్కకి జరిపి చోటు చేసింది.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిన మధ్యాహ్నం ఆమె ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. భోజనానికి వచ్చిన ఆయనే ఆమె ఫోను ఎత్తాడు. లేపడం ఎందుకులే అని చీటీ రాసి అతికించి, తను పాఠాలు చెప్పే ట్యూషన్ సెంటరుకి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆమె లేచి, పాపకి ఇంత తినిపించి, పక్కింటావిడకి అప్పజెప్పి, ఆదరాబాదరాగా డ్యూటీకి పరుగెత్తింది. ఫ్రిజ్ వంక చూసే తీరిక ఎక్కడిది?

మర్నాడు పొద్దున్న ఇంటికొచ్చాక చూసింది. "రేపు పదింటికి ఇంటర్వ్యూ. పెద్ద డాక్టరుగారి గదిలో." సంతోషంతో కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆయన అప్పటికే పాపని బడిలో దింపి అటునుంచి అటే పనికి పోయాడు. ఆమె మరుసటి రోజుకి ఫోన్లో ఎక్కించింది, అలారం పెట్టింది, మంచి బట్టలు ఇస్త్రీ చేసి కుర్చీకి వేసి, హాయిగా పడుకుంది.

మధ్యాహ్నం ఆయన వచ్చి లేపాడు.

"ఇంటర్వ్యూ ఎలా జరిగింది?"

"రేపు కదండీ."

"రేపేంటి, ఇవాళ. నిన్ననే రాసి పెట్టానుగా."

ఆమె లేచి వెళ్ళి చీటీ పీకి ఆయన ముందు పెట్టింది. "ఇందులో నిన్న అని ఎక్కడుంది? తేదీ లేని రక్తం సీసా వస్తే మేం పరీక్ష కూడా చెయ్యం, అవతల పారేస్తాం. తెలుసా మీకు?"

"సీసాకీ చీటీకీ పోలికేంటి? ఫోన్లో ఎక్కించేటప్పుడు నన్నో మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"రాసేది మీరూ, చూసుకోవాల్సింది నేనూనా?"

"ఇంత చిన్నదానికి ఇల్లు పీకి పందిరెయ్యకు."

చిన్నదట. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. పెద్ద డాక్టరుకి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, ఆయన చేతిలో కుక్కింది. "చీటీలో తేదీ వెయ్యలేదని మీ నోటితో మీరే చెప్పండి."

పాపం, డాక్టరు మంచిగానే మాట్లాడాడు. "ఇంకా ఎవర్నీ ఖాయం చెయ్యలేదండీ. సాయంత్రం మళ్ళీ కూర్చుంటున్నాం, ఆవిణ్ణి రమ్మనొచ్చు. అసలేమైంది?"

ఒక్క ముక్క, ఉన్నదున్నట్టు చెబితే చాలు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదండీ. నేను ముందే చెప్పాను. రాత్రి డ్యూటీ చేసొస్తుంది కదా, నిద్రమత్తులో తేదీ తారుమారు చేసుకుంది."



"ఇన్‌ఛార్జి అన్నాక తేదీలు తారుమారైతే రోగుల ప్రాణాల మీదికొస్తుందండీ. పోనీలెండి, వచ్చినవాళ్ళలోనే ఒకరికి ఇచ్చేస్తున్నాం."

ఆమె ఫోను లాక్కునేలోపు డాక్టరు పెట్టేశాడు. మళ్ళీ చేసింది, మళ్ళీ మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

ఆయన బుర్ర గోక్కున్నాడు. "అంత పెద్దాయన ముందు ఏం చెప్పాలో తోచలేదే. ఏదో అలా నోట్లోంచి వచ్చేసింది."

"వచ్చెయ్యలేదు," అంది ఆమె. "నువ్వన్నావు."