గుమాస్తా డ్యూటీ దిగాక

ఆ మధ్యాహ్నం మా డాబా మీద ముగ్గురం ఆకాశంలోకి చూసి చూసి మెడలు పట్టేయించుకున్నాం. నాన్న, మామయ్య, నేను. తెలుపూ బూడిద రంగూ కలిసిన మేఘాలు తప్ప ఇంకేమీ లేదు. అయినా ఎవరమూ తల దించలేదు. దించిన ఆ ఒక్క క్షణంలోనే వచ్చేస్తుందేమోనని భయం.

పావురాల పందెం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. పక్షులన్నిటినీ బుట్టల్లో పెట్టి లారీలో దూరం తీసుకెళ్లి, తెల్లవారగానే ఒక్కసారిగా వదిలేస్తారు. ఎవరి పావురం వాళ్లింటికి ఎగిరి వస్తుంది. వచ్చి వాలినంత మాత్రాన సరిపోదు. దాని కాలికి తొడిగిన రబ్బరు రింగు తీసి, గడియారం పెట్టెలో వేసి, మీట నొక్కాలి. టైము అచ్చుపడ్డాకే పక్షి వచ్చినట్టు.

అది ఏడాదిలోకెల్లా పొడవైన పందెం. నాన్న ఎప్పుడూ గెలవనిది. ఆయన కుట్టుమిషన్ల మెకానిక్కు. ఎంత మొండికేసిన మిషనైనా ఆయన చెయ్యి పడితే మాట వింటుంది. ఈ పందెం మాత్రం విన్లేదు. "మీ నాన్న పావురాలు మంచివేనే, పాపం దారిలో చుట్టాలెక్కువ" అని అమ్మ నవ్వేది.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది.

ఈసారి నాన్న పంపింది అమ్మ చేత్తో పెంచిన ఆడపక్షిని. గూట్లోని అరలన్నీ ఒక చుట్టు చూసొస్తే గానీ గింజ ముట్టదు కాబట్టి అమ్మ దానికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టింది. దాని జోడు పేరు గుమాస్తా. పావురాలు గుడ్లను వంతులేసుకుని పొదుగుతాయి. పగలంతా మగది, సాయంత్రం నుంచి మర్నాడు పొద్దుటి దాకా ఆడది. మా గుమాస్తా తన వేళకు వచ్చి కూర్చుంటాడు, వేళ కాగానే లేచిపోతాడు. ఓవర్‌టైం అన్న మాట అతగాడు విననే లేదు.

గుడ్డు పగిలే రోజు దగ్గర పడ్డ ఆడపక్షిని పందేనికి పంపితే, గూటి మీద బెంగతో ప్రాణం పెట్టి ఎగిరొస్తుంది. పందెంవాళ్లందరికీ తెలిసిన కిటుకే. అమ్మ మాత్రం ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. "తల్లిని అలా ఉరికించకండి" అనేది. ఈసారి నాన్న ఉరికించాడు. బుట్ట లారీ ఎక్కింది మొదలు ఆయన నోట ఒకటే మాట.

"పంపకుండా ఉండాల్సింది."

"బావా, పొద్దుట్నుంచి ఇది ఎన్నోసారో నీకేమైనా తెలుసా?" అన్నాడు మామయ్య. ఆయన అమ్మకు తమ్ముడు, సిటీ బస్సు డ్రైవరు. "మా బస్సులో రికార్డు చేసి పెట్టిన గొంతు కూడా స్టాపుకొక్కసారే అరుస్తుంది."

"వానలో ఎక్కడో పడిపోయుంటుందిరా."

"పడలేదు. ఏ గోడ మీదో కూర్చుని నిన్ను తిట్టుకుంటూ ఉంటుంది."

వాన సంగతి నిజమే. క్లబ్బులో గడియారాలు చూసే పెద్దాయన ఫోన్ చేసి, సగం దారిలో పెద్ద వాన పడిందనీ, ఎదురుగాలి అనీ, ఇంతవరకు ఎవరింట్లోనూ పక్షి దిగలేదనీ చెప్పాడు. దాంతో మామయ్యకు హుషారు పుట్టింది. ఎవరిదీ దిగలేదంటే మొదట దిగేది మనదే కావచ్చు! గడియారం పెట్టెను ఒళ్లో పెట్టుకుని మీట మీద బొటనవేలు ఉంచి కూర్చున్నాడు. చూసేవాళ్లకు బస్సు హారన్ కొట్టబోతున్నట్టే ఉంటుంది.

అసలు ఆయన ఆ రోజు మా ఇంట్లో అంతసేపు కూర్చోవడమే వింత. అమ్మ పోయాక పిలిస్తే వచ్చేవాడు, గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయేవాడు. గడియారం పట్టుకోవడానికి మనిషి కావాలని నేనే బలవంతాన రప్పించాను.

సాయంత్రం ఎండ పక్కింటి గోడ మీదికి జరిగింది. గూట్లో చప్పుడైంది. చూస్తే గుమాస్తా లేచి నిలబడ్డాడు. రెక్కలు దులుపుకున్నాడు. గూటి అంచు మీదికెక్కి, అటూ ఇటూ చూసి, టక్కున బయటికి ఎగిరి మెట్ల గోడ మీద వాలాడు.

"డ్యూటీ దిగిపోయాడు," అన్నాను.

"ఒరేయ్, ఒరేయ్! ఎక్కడికిరా?" నాన్న పరిగెత్తాడు. "ఆవిడ రాలేదు కదరా ఇంకా! కాసేపు కూర్చోరా నాయనా!"

గుమాస్తా ఈక సర్దుకున్నాడు.

గూట్లో ఉన్నది ఒకే గుడ్డు. రెండోది మురిగిపోతే ముందే తీసేశాం. ఉన్న ఆ ఒక్కదాని మీద అప్పటికే సన్నగా పగులు వచ్చి ఉంది. లోపలి నుంచి పిల్ల పొడుచుకుంటోంది. ఆ సమయంలో గుడ్డు చల్లబడితే పిల్ల దక్కదు. ఇక మా కంగారు చూడాలి. నేను తువ్వాలు తెచ్చాను. మామయ్య వేడినీళ్ల సీసా అన్నాడు, కాదు టేబుల్ లైటు అన్నాడు, కాదు తన స్వెట్టరన్నాడు. ఆ రోజు ఆయన స్వెట్టరు వేసుకోనేలేదు. నాన్న ఇవేవీ వినకుండా గుడ్డును తీసి రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, గూటి గుమ్మం ముందున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"మొత్తానికి గుమాస్తా నిన్ను పొదగడానికి కూర్చోబెట్టాడు బావా," అన్నాడు మామయ్య.

నాన్న నవ్వలేదు. చేతులు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "కొడుతోంది," అన్నాడు. "లోపల్నుంచి కొడుతోంది." తర్వాత ఎవరినీ చూడకుండా, "వస్తుందనే నమ్మకంతో పంపానురా. అప్పుడూ అంతే. మీ అక్కని ఇంటికి తీసుకొస్తే కాస్త తెరిపిన పడుతుందనుకున్నా. తేకుండా ఉండాల్సింది. నీ మాట వినుండాల్సింది," అన్నాడు.

ఏడాదిగా ఈ మాట నేను వింటూనే ఉన్నాను. భోజనాల దగ్గర, మిషన్లు విప్పేటప్పుడు, ఏమీ లేనప్పుడు. మామయ్య ముందు అనడం అదే మొదలు.

జరిగింది చిన్న మాటల్లో చెప్పొచ్చు. ఇంకో విడత మందు ఎక్కించి చూద్దామన్నారు డాక్టర్లు. పెద్దగా ఆశ పెట్టుకోవద్దని కూడా వాళ్లే అన్నారు. అమ్మ నాన్న చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లమంది. మామయ్య వద్దన్నాడు, ఆస్పత్రి వరండాలో గట్టిగానే వద్దన్నాడు. నాన్న తీసుకొచ్చాడు. అమ్మ ఇంట్లో రెండు వారాలు ఉంది.

ఇప్పుడు మామయ్య ఏమంటాడోనని భయపడ్డాను. "నేను ముందే చెప్పానుగా" అంటే నాన్న ఇక లేవడు.

మామయ్య గడియారం పెట్టెను నేల మీద పెట్టాడు.

"నా మాటా?" అన్నాడు. "నా మాట నెగ్గలేదని కోపమొచ్చి ఆ రెండు వారాలు మీ గుమ్మం తొక్కలేదు నేను. అక్క ఫోన్ చేస్తే బండి మీదున్నానన్నాను. డిపోలో బెంచీ మీద కూర్చుని అన్నాను ఆ మాట. తేకుండా ఉండాల్సిందని ఏడుస్తున్నావే, ఆ రోజులు నా దగ్గర ఒక్కటీ లేవు బావా. ఒక్క పూట కూడా లేదు. నీకు అక్కర్లేకపోతే నాకిచ్చెయ్."

నాన్న స్టూలు మీదే ఆయన వైపు తిరిగాడు.

"ఏమివ్వనురా?"

"ఏదో ఒకటి. ఇంటికొచ్చాక ఏం చేసింది అక్క?"

"తిట్టింది."

"ఎవర్ని?"

"ముందు నన్ను. గూడు కడగలేదని. ఆ తర్వాత పావురాల్ని, బలిశాయని. డాబా మీదికి తీసుకెళ్లమంది. మెట్లెక్కలేదు కదా, కుర్చీలో కూర్చోబెట్టి నేనూ అమ్మాయీ చెరోవైపు పట్టుకుని ఎక్కించాం. సగం మెట్ల మీద మా ఇద్దరికీ ఆయాసం. 'ఆగండాగండి. ఆ బరువు నాది కాదు, కుర్చీది. తేలికపాటి కుర్చీ కొనమంటే విన్నారా' అంది."

మామయ్య పకాలున నవ్వాడు. "అచ్చం మా అక్కే! తర్వాత?"

"తర్వాతేముంది, రోజూ అదే పని. ఇక్కడ, ఇదిగో ఇక్కడే కూర్చునేది. ఇన్‌స్పెక్టరమ్మకి జోడు కుదిర్చింది కూడా అప్పుడే. నేను ఆ ఎర్ర మగదాన్ని పెడదామంటే, 'అది సోకులరాయుడు, దీనికి వేళ తప్పనివాడు కావాలి' అని గుమాస్తాని అదే అరలో పెట్టించింది. పెళ్లిచూపులకి నన్ను కూర్చోబెట్టింది. పక్కింటివాళ్లు వింటున్నారే అన్నా ఊరుకోలేదు..."

నాన్న గొంతు పెరుగుతోంది. చేతులు కదపడానికి లేదు కాబట్టి కళ్లతో, కనుబొమలతో చెబుతున్నాడు. ఆ రోజుల్లో నేనూ అక్కడే ఉన్నాను. అయినా కొత్తగా విన్నట్టు విన్నాను. ఆ రెండు వారాల్లో ఇన్నిసార్లు నవ్వామని నాకు గుర్తేలేదు.

"అదిగో!" మామయ్య ఎగిరి నిలబడ్డాడు.

కాకి.

"అది కాదు. దాని వెనకాల! దాని వెనకాల చూడండి!"

నల్లటి చుక్క. చూస్తుండగానే దానికి రెక్కలు మొలిచాయి. ఒక రెక్క కాస్త కిందికి వాలి ఉంది. మా డాబా మీదుగా దూసుకుపోయి, చుట్టు తిరిగి, పక్కింటి నీళ్ల ట్యాంకు మీద వాలింది. తడిసి ముద్దయింది. తోకలో రెండు ఈకలు లేవు. కాలికి ఎర్ర రింగు.

"ఇన్‌స్పెక్టరమ్మ!" అని నాన్న అరిచిన అరుపుకి గుమాస్తా కూడా ఉలిక్కిపడ్డాడు.

"పిలవ్వే, పిలువు! ఇంకెవరిదీ దిగలేదు! మనమే మొదలు!" మామయ్య గడియారాన్ని గుండెకు హత్తుకున్నాడు.

నేను గింజల డబ్బా గలగలలాడించి పిలిచాను. నా గొంతు తరగతిలో చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. ట్యాంకు దాకా వినిపించినట్టు లేదు. అది కదలకుండా కూర్చుంది.

"అట్లా పిలిస్తే హోంవర్కు చేయలేదని దాక్కుంటుంది టీచరమ్మా! కాస్త మెత్తగా!"

"నువ్వు హారన్ ఆపితే పిలుస్తా మామయ్యా!"

నాన్న లేచాడు. గుడ్డును గుండె మీద పెట్టుకుని, వంగి, గూట్లోకి దూరాడు. దాన్ని మట్టి మూకుడులోని గడ్డి మీద పెట్టి, పక్క గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. గుడ్డులోంచి సన్నగా కీచుమని వినిపించింది. మాకే వినిపించింది, దానికి వినిపించదా? ట్యాంకు మీద ఇన్‌స్పెక్టరమ్మ మెడ సాచింది. మరుక్షణం రాయి పడ్డట్టు పడింది మా డాబా మీదికి. మామయ్య చేతుల మధ్య నుంచి, నా డబ్బా మీదుగా, నాన్న భుజం రాసుకుంటూ లోపలికి దూరిపోయింది. మూకుడు అంచు మీద ఒక్కసారి ఆగి, ఒళ్లు దులుపుకుని, రొమ్ము కింది ఈకలు విప్పి గుడ్డు మీద కూర్చుంది.

అరల తనిఖీ చేయలేదు. గింజ వైపు చూడలేదు.

"రింగు! బావా, రింగు తియ్యి!"

నాన్న చెయ్యి చాచాడు. పక్షికి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది.

"తియ్యవేం? ఒక్కసారి ఎత్తి లాగడమేగా!"

"అలసిపోయి వచ్చిందిరా. ఇప్పుడు ఎత్తితే బెదురుతుంది. బెదిరితే మళ్లీ ఎక్కదు. పిల్ల సగం బయటికి వచ్చింది."

"ఎక్కుతుందేమో!"

"ఎక్కుతుందేమో. ఎక్కదేమో."

"బావా, ఎన్నేళ్ల పందెం ఇది! నీ జన్మలో మొదటిసారి మొదట దిగింది!"

నాన్న చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆయనకు ఆ పందెం ఎంత కావాలో నాకు తెలుసు. మామయ్య బొటనవేలు మీట మీద తెల్లబడింది.

నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెల్లగా బయటికి వచ్చి గూటి తలుపు దగ్గరికి వేశాడు.

అప్పుడే ఫోన్ మోగింది. క్లబ్బు పెద్దాయన. మామయ్య స్పీకరు పెట్టాడు. "బేకరీ వాళ్లింట్లో ఒకటి దిగిందయ్యా, ఇప్పుడే నొక్కారు! మీదేమైంది? వచ్చిందా?"

మామయ్య నాన్న వైపు చూశాడు. ఇప్పుడైనా సరే, అన్నట్టు.

"ఖాళీ లేదని చెప్పు," అన్నాడు నాన్న.

"ఖాళీ లేదంట," అని మామయ్య ఫోన్ పెట్టేశాడు. గడియారం పెట్టెను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "ముందొచ్చింది మనది. గెలిచింది వాళ్లు. ఈ సంగతి నేను డిపోలో ఎవడికి చెప్పినా నమ్మడు." తర్వాత వేలు చూపించాడు. "ఒక్కటి మాత్రం ఖాయం చెయ్యి బావా. రేపు పొద్దున లేచి, 'రింగు తీసుండాల్సింది' అని ఫోన్ చేసి నా ప్రాణం తియ్యకూడదు."

నాన్న జవాబు చెప్పబోయి, గూటి జాలీకి చెవి ఆనించాడు. లోపల ఇన్‌స్పెక్టరమ్మ గొంతులో గుర్రుమంటోంది. దాని కింద ఇంకో గొంతు, దారం అంత సన్నంగా. పెంకు సగం ముక్క ఈకల కింది నుంచి దొర్లి గడ్డి మీద పడింది.

"వచ్చేసింది!" అన్నాడు నాన్న. ఇద్దరి భుజాలూ పట్టుకుని జాలీ దగ్గరికి లాగాడు. "చూడు, చూడండి! తీసుంటే, తీయకుంటే అని నేనింక అనను. నువ్వు కూడా బెంచీ మీద కూర్చున్నా, కూర్చున్నా అనకు. చూడు ముందు!"

ముగ్గురం తలలు ఆనించి చూశాం. ఆ తడి ఈకల మధ్య గులాబీ రంగులో ఏదో కదిలింది. మామయ్య ముక్కు తుడుచుకున్నాడు.

"సరే, సగంలో ఆపావు," అన్నాడు జాలీ మీంచి ముఖం తీయకుండానే. "పెళ్లిచూపులకి నిన్ను కూర్చోబెట్టింది. తర్వాత?"

"తర్వాతా?" నాన్న స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. ఇప్పుడు చేతులు ఖాళీ. రెండు చేతులూ తిప్పుతూ మొదలుపెట్టాడు. "కట్నం ఏమిస్తారని నన్నడిగింది, గుమాస్తా తరఫున..."