మైకు ముందు గాజులు

"వదినా, నీ గొంతు వాళ్లకు మస్తు నచ్చింది!"

నందికొండ బస్సు దిగి నేరుగా వచ్చిన యాకూబ్, వాకిట్లో చెప్పులు విడుస్తూనే ఆ మాట చెప్పాడు. తీగ మీద తడి చీర ఆరేస్తున్న యాదమ్మ, చీర సగంలో వదిలేసి ఫక్కుమని నవ్వింది. ఆ నవ్వుకు లోపలి నుంచి అత్త మైసమ్మ, "మెల్లగ నవ్వరాదే, రెండిండ్ల అవతల పుష్పమ్మోళ్ల దాంక వినబడుతాంది" అని కేకేసింది.

యాకూబ్ నందికొండలో లాంచీల దగ్గర పనిచేస్తాడు. లాంచీ కోసం కూర్చునే యాత్రికులకు టీవీలో చూపించేందుకు సాగర్ డ్యాం గురించి ఒక వీడియో క్యాసెట్ కావాలని కాంట్రాక్టరు అంటే, రామన్నపేటలో పెళ్లి వీడియోలు తీసే తన దోస్తు సాయిలు పేరు చెప్పింది అతనే. సాయిలు డ్యాం చుట్టూ తిరిగి వీడియో తీశాడు. మాటలు రాసి చదివింది మాత్రం అతని కొత్త పెళ్లాం యాదమ్మ. డిగ్రీలో తెలుగు చదివిన పిల్ల. "ఇంట్లనే ఉంటవు గద, జర రాసిపెట్టు" అన్నాడు సాయిలు. ఇంట్లోనే ఉండే ఆ పిల్ల పేడనీళ్లు చల్లి, బోళ్లు తోమి, అందరి అన్నాలూ అయ్యాక రాసింది. రాస్తుంటే ఎంత సంబరమనిపించిందో! కృష్ణమ్మ మీద ఒక్కో వాక్యం కుదిరినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకుంది.

"ఒక్కటే ఫికర్" అన్నాడు యాకూబ్, నీళ్ల చెంబు అందుకుంటూ. "మాట మరీ సన్నగ ఉంది. ఎనక పెట్టిన పాట మోగుతాంది గని మాట మునుగుతాంది. రేపు సాయంత్రం బస్సుకు నేను సరిచేసిన క్యాసెట్ పట్కపోవాలె. లేకుంటే హైదరాబాదుల ఎవరో మొగాయనతోని చదివిస్తరట."

"నేను ముందే అన్న గద, గీమె గొంతే చిన్నది" అన్నాడు సాయిలు.

యాకూబ్ ఊళ్లో ఉన్న అక్క ఇంటికి వెళ్లిపోయాడు. యాదమ్మకు మాత్రం ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది. నా గొంతు చిన్నదా? ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి తను విన్నది ఒక్కటే పాట. కోడలు గట్టిగ నవ్వుతది, గట్టిగ పిలుస్తది, చాకిరేవు కాడి మనిషి లెక్క మాట్లాడుతది. నవ్వితే రెండిళ్ల అవతలికి పోయే గొంతు, మూతి ముందు పెట్టిన మైకులోకి ఎందుకు పోదు? కాలేజీలో ఉపన్యాసం ఇస్తే వెనక బెంచీలో పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. మరి ఒక్క నెలలో ఎక్కడ చిక్కిపోయింది? రెండింట్లో ఒకటే నిజం కావాలి. ఆరేయాల్సిన బట్టలు బకెట్లోనే వదిలేసి, ముందుగదిలో ఉన్న స్టూడియోలోకి నడిచింది.

సాయిలు అప్పటికే కుస్తీ పడుతున్నాడు. పాట తగ్గించి చూశాడు. మాట బయటపడింది కానీ పీలగానే ఉంది. ఇంకో క్యాసెట్‌కు ఎక్కించేటప్పుడు సౌండ్ పెంచి చూశాడు. మాటతో పాటు సుయ్‌మని హోరూ పెరిగింది, వర్షంలో నిలబడి మాట్లాడుతున్నట్టు.

"పాట కలపకముందు నేను చదివినప్పటి క్యాసెట్ పెట్టు" అంది యాదమ్మ, హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకుని.

మొదటి రెండు వాక్యాలు వినగానే ఆమె మొహం వెలిగిపోయింది. నిండైన గొంతు. తనదే. దాని వెంటే గల్లుగల్లుమని చప్పుడు. కాగితం తిప్పినప్పుడల్లా, మోచేతుల దాకా ఉన్న పెళ్లిగాజుల మోత. మూడో వాక్యం మధ్యలో ఆ మోత ఠక్కున సన్నబడింది. దాంతో పాటే గొంతూ సన్నబడింది.

హెడ్‌ఫోన్ తీసి మొగుడి వైపు చూసింది. "నువ్వే తగ్గించినవా?"

సాయిలు సౌండ్ పెంచి తగ్గించే మైకు మీట వైపు చూశాడు. "గాజులు గలగలమంటున్నయి. తీయుమంటే అమ్మ ఊకుంటదా? అందుకే జర తగ్గించిన. తర్వాత పెంచుకోవచ్చు అనుకున్న."

"మరి నాతోని ఒక్క మాట చెప్పకపోతివి. గొంతు చిన్నదని నలుగురితోని ఎట్ల చెప్పినవు?"

సాయిలు తల గోక్కున్నాడు. "తప్పే" అన్నాడు చివరికి. "ఈసారి గాజులకు దస్తీ చుడుదాం."

చేతిరుమాళ్లు తెచ్చి రెండు చేతుల గాజులకూ చుట్టి చూశారు. రెండు చేతులూ కట్టేసినట్టై, మాట కూడా బిర్రబిగుసుకుంది. యాదమ్మ దస్తీ విప్పేసి, లోపలికి వెళ్లి అత్త ముందు నిలబడింది.

"అత్తమ్మా, చదివేటప్పుడు గాజులు తీస్త."

మైసమ్మ చేతిలోంచి ఎల్లిగడ్డ జారింది. "పెండ్లయి నెల తిరగలే, చేతులు బోసిగ పెడ్తవా? చూసినోళ్లేమంటరే?"

"ఎవరు చూస్తరు? టీవీల నా చేతులు కనబడయి, మాటే వినబడుతది."

"నా కొడుక్కి ఏమన్నయితే?"

యాదమ్మ నవ్వలేదు. ఆ భయం నిజమైందని ఆమెకు తెలుసు. అత్త పక్కన కింద కూర్చుంది. "నీ కొడుకు పక్క అర్రలనే ఉంటడు. నువ్వు గూడ రా. నడిమి గుమ్మంల కూసొని ఇద్దరిని కండ్లార చూసుకో. చదువుడు అయిపోంగనే నువ్వే తొడుగు."

మైసమ్మ చేతిలో ఉన్న ఎల్లిపాయ పొట్టు తీసి గిన్నెలో వేసింది. తర్వాత కొంగుతో చేయి తుడుచుకుని, "తీసినయి నా ఒడిల పెట్టు. నేల మీద పెట్టకు" అంది.

గుమ్మంలో నిలబడ్డ సాయిలు ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే పొద్దున వంటపని అయినంక మొదలుపెడ్దామా?"

"లేదు" అంది యాదమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ. "రేపు లేవంగనే చదువుత. మైకు మీట నా చేతిలనే ఉంటది. వంటింట్లకు నువ్వు పో."