తేదీ లేని రాజీనామా

మార్చి తొమ్మిది, ఆదివారం. ఆ మధ్యాహ్నం భోజనం చిక్కుడుగింజల ఫూల్, వేడి రొట్టె, ఊరేసిన ముల్లంగి. రంపం మిషన్ మీద పనిచేసే షిహాతా నారింజలు ఒలిచి అందరికీ తొనలు పంచాడు. ఈజిప్టు ఊరు దిమ్యాత్‌లోని ఆ కుర్చీల కార్ఖానాలో గుమాస్తాగా ఉన్న రుష్దీకి ఆ పూట ఇంతగా గుర్తుండడానికి కారణముంది. మరో గంటకే రంపం మిషన్ షిహాతా కుడిచేతి మూడు వేళ్లు తీసుకుపోయింది.

ఆసుపత్రి దారిలో యజమాని హాజ్ మితవల్లీ అతని తల ఒళ్లో పెట్టుకుని, ఇంట్లో తెగిందని చెప్పమన్నాడు. మిగతాది తను చూసుకుంటానన్నాడు. పదకొండేళ్లు ఆయన ఉప్పు తిన్న షిహాతా కాదనలేకపోయాడు. డాక్టరుకు అలాగే చెప్పాడు.

కానీ కట్టు కట్టిన నర్సు గాయంలోంచి రంపపు పొట్టు ఏరింది. ఏరి ఊరుకోలేదు, బీమా ఆఫీసుకు కబురు పెట్టింది. తనిఖీ అధికారి గురువారం పదింటికి వస్తాడని తెలిసింది.

బుధవారం సాయంత్రం హాజ్ రుష్దీని పిలిచి, గది తలుపు మూసి సొరుగు తెరిచాడు. అందులో పనివాళ్లందరి రాజీనామాలూ ఉన్నాయి. చేరిన రోజునే సంతకం పెట్టించుకున్నవి, తేదీ చోటు ఖాళీగా ఉన్నవి. ఆ సంతకం లేకుండా అక్కడ ఎవరికీ పని దొరకదు. చేరినరోజు టీ తాగినట్టే అదీ పెట్టేసి మరిచిపోతారు. రుష్దీ కూడా అలాగే మరిచిపోయాడు.

"షిహాతా కాగితం మీద మూడో తేదీ వెయ్యి. అన్నిటి మీదా నీ రాతే కదా, ఇదొక్కటీ వేరేగా ఉంటే బాగుండదు" అన్నాడు హాజ్.

మూడో తేదీ పడితే, తొమ్మిదిన షిహాతా అక్కడి పనివాడే కాదు. బీమా వైద్యం లేదు, మంచాన ఉన్నన్నాళ్లూ జీతం లేదు, పోయిన వేళ్లకు రావలసిన పింఛనూ లేదు.

"హాజరు పట్టీలో తొమ్మిదిన అతని పేరుంది, హాజ్ గారూ."

"పట్టీ రాసేదీ నువ్వేగా. మళ్లీ రాయి." హాజ్ ఇంకో కాగితం పైకి తీశాడు. "ఇదెవరిదో చూశావా? ఎంత ముచ్చటైన సంతకం! దీనికి తేదీ వెయ్యడానికి నా కోడిగీతలు చాలు."

దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినబడింది. నమాజు అయ్యేలోపు రాసి ఉంచమని చెప్పి, కాళ్లు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు.

రుష్దీ కలం మూత తీశాడు. బయట నీళ్లు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగేసరికి అతను షిహాతా కాగితం చొక్కాలో దోపుకుని, హాజరు పట్టీ చంకన పెట్టుకుని, కలప దొడ్డి దారిన వీధిలో పడ్డాడు.

ఇంట్లో మంచం మీదున్న షిహాతా మొదట నమ్మలేదు. హాజ్ టాక్సీకి డబ్బులిచ్చాడనీ, కోడిని పంపించాడనీ చెప్పుకొచ్చాడు. రుష్దీ కాగితం దుప్పటి మీద పెట్టి జరిగింది చెప్పాడు. షిహాతా తన సంతకాన్ని చాలాసేపు చూశాడు.

"ఆ కోడితోనే నీ చెయ్యి కొనేశాడు మీ హాజ్" అంది భార్య నజాత్. "నువ్వేమో బొమికలు కూడా చీకావు."

అతను కాగితాన్ని పళ్లతో పట్టి ఎడంచేత్తో చింపబోయాడు. రుష్దీ అతని మణికట్టు పట్టుకుని ఆపాడు.

"చింపకు. తేదీ లేకుండా ఇలాగే చూపిద్దాం. ముందే రాయించి పెట్టుకున్నదని బీమావాళ్లకే అర్థమవుతుంది."

"డాక్టరు ముందు అబద్ధమాడాను బాబాయ్. ఇప్పుడు మాట మారిస్తే నమ్ముతారా?"

"నువ్వొక్కడివే చెబితే నమ్మకపోవచ్చు. నేనూ చెబుతాను."

"మరి నీ కాగితం?"

"ఆయన జేబులో ఉంది."

రుష్దీ ఫోను మోగింది. హాజ్. రుష్దీ ఎత్తలేదు, అది ఆగిపోయింది. మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది.

"పదింటిదాకా ఎందుకు, పొద్దున్నే మనమే ఆ బీమా ఆఫీసుకు పోదాం" అన్నాడు షిహాతా చివరికి. "మొదట నా అబద్ధం నేనే ఒప్పుకుంటాను."

రుష్దీ లేవబోయాడు. ఈ రాత్రికి ఇంటికి వెళ్లొద్దని, హాజ్ ముందు అక్కడికే వస్తాడని నజాత్ అంది. గడప బయట ఉన్న అతని చెప్పులు లోపల పెట్టింది. వీధి అటూ ఇటూ ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.